అంబాసిడర్ హీటరు ఫ్యాను మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

కారు, లోపాలు, పనిముట్లు

కారు 1980ల నాటి అంబాసిడర్ మార్క్ 4. పెట్రోలు ఇంజను 1489 సీసీ, విద్యుత్తు 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ కొస కారు రేకుకు కలిపి ఉంటుంది, కరెంటు తిరిగి వెళ్లే దారి ఆ రేకే), డైనమో స్థానంలో తరువాత ఎవరో బిగించిన ఆల్టర్నేటర్. మన వైపు తిరిగిన అంబాసిడర్లలో చాలావాటికి హీటరు కనిపించదు. ఈ కారు మొదట ఢిల్లీలో తిరిగింది కనుక డ్యాష్‌బోర్డు కింద హీటరు పెట్టె, దానిలో రెండు వేగాల ఫ్యాను ఉన్నాయి. నల్లగొండ ఎండల్లో హీటరుతో ఏం పని అని చూసినవారందరూ అడిగారు. ఇంజను వేడినీటిని హీటరుకు పంపే కుళాయి సిలిండర్ హెడ్ వెనుక ఉంది, దాన్ని కట్టేస్తే ఆ పెట్టె బయటి గాలిని లోపలికి తోసే ఫ్యానుగా మాత్రమే మిగులుతుంది. వానాకాలంలో అద్దాలెత్తుకుని నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు వెళ్లేటప్పుడు ముందు అద్దానికి లోపలి నుంచి పట్టే ఆవిరిని పోగొట్టే సాధనం ఈ కారులో అదొక్కటే.

కారు చేతికి వచ్చినప్పుడు ఉన్న లోపాలు ఇవి:

1. వేగం స్థానంలో ఫ్యాను ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. డ్యాష్‌బోర్డు కింద చేత్తో తడితే మొదలవుతుంది.
2. నెమ్మది స్థానంలో అసలు తిరగదు.
3. తిరిగినప్పుడు మోటారు చప్పుడు గట్టిగా ఉంటుంది, గాలి మాత్రం అరచేతికి తగిలీ తగలనట్లు ఉంటుంది.
4. స్పీడ్ బ్రేకరు మీద బండి ఎగిరినప్పుడు అప్పుడప్పుడు ఫ్యూజు పోతుంది. దానితో పాటు వైపర్లు, ఇండికేటర్లు, పెట్రోలు ముల్లు, బ్రేకు లైట్లు కూడా ఆగిపోతాయి.
5. ఫ్యూజు పెట్టెలోని గాజు ఫ్యూజు చుట్టూ రాగి పోగులు చుట్టి ఉన్నాయి.

వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఐదోది. ఫ్యాను తిరగకపోతే ఉక్కపోత మాత్రమే. రాగి పోగులు చుట్టిన ఫ్యూజు వెనుక షార్టు అయితే కాలేది తీగల కట్ట మొత్తం. అందువల్ల మోటారు జోలికి పోకముందే ఆ పోగులు తీసేయడంతో పని మొదలైంది.

పనిముట్లు: డిజిటల్ మల్టీమీటరు, డీసీ కొలవగల క్లాంప్ మీటరు (తీగను తెంచకుండా దాని చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), 60 వాట్ల హెడ్‌లైటు బల్బు, మొసలి క్లిప్పులున్న పొడవాటి తీగలు రెండు, దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటరు, వెర్నియర్ కాలిపర్స్, క్రింపింగ్ పట్టుకారు, సోల్డరింగ్ ఐరన్. క్లాంప్ మీటరు కొనేవారు అది డీసీ కరెంటును కొలుస్తుందో లేదో చూసుకోవాలి. ఇళ్ల వైరింగు పనివారు వాడే చవక రకాలు ఏసీని మాత్రమే చూపిస్తాయి.

మొదటి దశ: ఫ్యూజు స్థానంలో బల్బు

పాత బ్రిటిష్ పద్ధతి ఫ్యూజు పెట్టెలో గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటుంది. అది ఫ్యూజు కరిగే కరెంటు. నిరంతరంగా మోయగలిగేది 17 ఆంపియర్లు మాత్రమే. ఈ తేడా తెలియక, 35 ఆంపియర్ల వరకు తీగలు భరిస్తాయనుకుని ఒకదాని తరువాత ఒకటి కొత్త పరికరాలను ఆ ఫ్యూజుకే తగిలించుకుంటూ పోవడం పాత కార్లలో తరచుగా కనిపిస్తుంది. ఈ కారులో హారను రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఒక చార్జింగు సాకెట్టు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి. వాటిని ముందుగా విడదీశాను.

అప్పుడప్పుడు మాత్రమే అయ్యే షార్టును వెతకడానికి కొత్త ఫ్యూజులు తగలేయవలసిన అవసరం లేదు.

1. ఫ్యూజు తీసి, దాని రెండు క్లిప్పుల మధ్య 60 వాట్ల బల్బును తగిలించాలి.
2. హీటరు మోటారు తీగను మోటారు దగ్గరే విడదీయాలి. ఇతర స్విచ్చులన్నీ ఆపాలి.
3. ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే తీగను పీకి, కొసకు టేపు చుట్టి పక్కన పెట్టాలి. కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే కాయిల్ వేడెక్కి పాడవుతుంది. పైగా అది తీసుకునే కరెంటు కొలతలన్నిటినీ తప్పుదోవ పట్టిస్తుంది.
4. ఇగ్నిషన్ ఆన్ చేసి, తీగల కట్టను కర్రపుల్లతో జాన జాన దూరంలో కదిలిస్తూ బల్బును గమనించాలి.

షార్టు లేకపోతే బల్బు వెలగదు. షార్టు తగిలిన క్షణంలో బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటు మాత్రం 5 ఆంపియర్లను దాటదు, ఏదీ కాలదు. ఫ్యూజు పెట్టె నుంచి ఆకుపచ్చ తీగ ఇంజను వెనుక రేకు గోడను దాటి లోపలికి వెళ్లే చోట కట్టను పైకి నొక్కినప్పుడు బల్బు భగ్గున వెలిగింది. రంధ్రానికి ఉండవలసిన రబ్బరు గ్రామెట్ ఎప్పుడో ఎండి రాలిపోయింది, రేకు అంచు తీగ తొడుగును కోసేసింది. బండి ఎగిరినప్పుడల్లా రాగి రేకును తాకేది. పక్కనే ఎలుక పళ్ల గాట్లు కూడా ఉన్నాయి గానీ అవి తొడుగు లోపలి దాకా పోలేదు.

తీగకు తాత్కాలికంగా స్లీవు తొడిగి, అసలైన 35 గుర్తు ఫ్యూజు వేశాను. నాలుగో లోపం ఇక్కడితో తీరింది. ఈ లోపానికీ మోటారుకూ సంబంధం లేదన్నది గమనించవలసిన విషయం. ఫ్యూజు పోయినప్పుడల్లా మోటారునే అనుమానించి పాత మెకానిక్కులు దాన్ని విప్పి బిగించిన గుర్తులు స్క్రూల తలల మీద స్పష్టంగా ఉన్నాయి.

ఇప్పటివరకు ఖర్చు: బల్బు, హోల్డరు, ఫ్యూజులు కలిపి 130 రూపాయలు.

రెండో దశ: వోల్టులు ఎక్కడ పోతున్నాయి

మోటారు తీగను విడదీసి దాని కొసన మీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. ఈ కొలత దాదాపు పనికిరానిది. కరెంటు ప్రవహించనప్పుడు తుప్పు పట్టిన కీలు, అంటే తీగలు కలిసే చోటు, కూడా పూర్తి వోల్టేజీని చూపిస్తుంది. ఫ్యాను తిరుగుతూ ఉండగా కొలిస్తేనే ఏ కీలు ఎంత మింగుతున్నదో బయటపడుతుంది. అందుకని మోటారును కలిపి, ఫ్యానును వేగంలో తిప్పుతూ, మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ మీద స్థిరంగా ఉంచి, ఎర్ర తీగతో బ్యాటరీ నుంచి మోటారు దాకా ఒక్కో చోటును కొలిచాను. ఇంజను ఆపి ఉంది, బ్యాటరీ 12.45 వోల్టులు, కరెంటు 6.8 ఆంపియర్లు.

1. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్ మీదుగా ఫ్యూజు పెట్టె దాకా: 0.40 వోల్టులు పోయాయి.
2. ఫ్యూజు, దాని రెండు క్లిప్పులు: 0.70.
3. ఫ్యూజు పెట్టె నుంచి హీటరు స్విచ్ దాకా తీగ: 0.15.
4. హీటరు స్విచ్ లోపల: 1.10.
5. స్విచ్ నుంచి మోటారు దాకా తీగ: 0.30.
6. మోటారు నల్ల తీగ నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా, అంటే ఎర్త్ దారి: 0.90.

మొత్తం నష్టం 3.55 వోల్టులు. మోటారుకు చేరినవి 8.90 మాత్రమే.

ఈ అంకెలను వాట్లలోకి మార్చుకుంటే పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. స్విచ్‌లో 1.10 వోల్టులను 6.8 ఆంపియర్లతో గుణిస్తే ఏడున్నర వాట్లు. బొటనవేలంత బేకలైట్ స్విచ్ లోపల అంత వేడి ఎడతెగకుండా పుడుతుంటే దాని స్ప్రింగు మెత్తబడక ఏమవుతుంది? ఫ్యూజు క్లిప్పుల దగ్గర దాదాపు 5 వాట్లు. గాజు ఫ్యూజు మూతల్లోని సీసం కరిగి కారిన మరక ఉండటానికి కారణం అదే. కరెంటు ఎక్కువై కాకుండా, క్లిప్పుల వేడికే ఫ్యూజులు పోయిన సందర్భాలు ఈ కారులో ఉండి ఉంటాయి.

తేలికైనవి ముందు సరిచేశాను. ఫ్యూజు క్లిప్పులను సన్నని ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, ముక్కుపట్టుకారుతో కొద్దిగా దగ్గరకు నొక్కి, వెనుక ఉన్న రివెట్లకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. ఎర్త్ విషయంలో లోపం అమరికలోనే ఉంది. మోటారు నల్ల తీగ హీటరు పెట్టె స్క్రూకు బిగించి ఉంది. ఆ పెట్టెకూ కారు రేకుకూ మధ్య రబ్బరు పట్టీ, దాని మీద రెండు పూతల రంగు. కరెంటు తిరిగి వెళ్లే దారి ఒక తుప్పు పట్టిన బోల్టు మాత్రమే. కొత్త నల్ల తీగను నేరుగా ఇంజను వెనుక గోడ మీది ఎర్త్ బోల్టుకు తీసుకెళ్లి, రంగు గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాశాను. డ్యాష్‌బోర్డు కింద తడితే ఫ్యాను మొదలవడానికి కారణాల్లో ఆ బోల్టు ఒకటి, స్విచ్ రెండోది.

మళ్లీ కొలిస్తే ఫ్యూజు క్లిప్పుల దగ్గర 0.09, ఎర్త్ దారిలో 0.06 మాత్రమే మిగిలాయి. మొత్తం నష్టం 3.55 నుంచి 2.27 వోల్టులకు తగ్గింది. మోటారుకు 10.18 వోల్టులు చేరుతున్నాయి.

అయితే కరెంటు 6.8 నుంచి 7.4 ఆంపియర్లకు పెరిగింది, స్విచ్ ముందుకంటే త్వరగా కాలుతోంది. తుప్పు పట్టిన కీళ్లు ఇంతకాలం మోటారు కరెంటును కొంత అదుపులో ఉంచాయి. కీళ్లు శుభ్రమయ్యేసరికి బిగుసుకుపోయిన మోటారు తన అసలు ఆకలిని చూపించింది. ఈ పని చేసేవారు ఇక్కడ ఆగిపోయి, ఫ్యాను తిరిగింది కదా అని డ్యాష్‌బోర్డు మూసేస్తే, కొన్నాళ్లకే స్విచ్ కాలిపోతుంది. కరెంటు ఎంతో కొలవకుండా కీళ్లు మాత్రమే శుభ్రం చేయడం సగం పని.

ఇప్పటివరకు ఖర్చు: ఎమరీ పేపరు, కాంటాక్ట్ క్లీనర్, కొంత తీగ కలిపి మరో 310, మొత్తం 440 రూపాయలు.

మూడో దశ: మోటారు

పెట్టెను కిందికి దించడానికి ముందు రేడియేటరు నీరు తీసి, హీటరుకు వచ్చే రెండు గొట్టాలను విడదీయాలి. గొట్టాల్లో మందపాటి సున్నపు పొర ఉంది. మన జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. రేడియేటరు ప్రాణం తీసేది మాత్రం దానిలోని సున్నమే. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు తప్ప మరేదీ పోయకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను. గాలి వచ్చే గొట్టంలో వేపాకులు, ఒక కందిరీగ మట్టిగూడు దొరికాయి.

ఫ్యాను గుండ్రని పంజరం ఆకారంలో, వంపు రెక్కలతో ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పితే సగం చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. రెండు కొసల్లో ఇరుసు తిరిగే కంచు బుష్షుల్లో పాత నూనె జిగురుగా గట్టిపడి, ఎర్రమట్టి దుమ్ముతో కలిసి పేస్టులా తయారైంది. 7.4 ఆంపియర్లకు ప్రధాన కారణం ఇదే. ఫ్యానును కర్రతో పట్టి ఆపి ఒక్క క్షణం కరెంటిస్తే 13.2 ఆంపియర్లు లాగింది. ఈ అంకె ఐదో దశలో ఫ్యూజును ఎంచుకోవడానికి పనికొచ్చింది.

మోటారును విప్పాక గడియారం సెంటరుకు దగ్గరలో ఉన్న ఒక వైండింగు షాపుకు తీసుకెళ్లాను. బోరు మోటార్ల పుణ్యమా అని మన ఊళ్లలో వైండింగు షాపులకు కొదవ లేదు, ఆర్మేచర్లను, అంటే మోటారులో తిరిగే చుట్ల భాగాలను, పరీక్షించే గ్రౌలర్ కూడా చాలామంది దగ్గర ఉంటుంది. గ్రౌలర్ మీద ఆర్మేచర్‌ను తిప్పుతూ పైన హాక్సా బ్లేడు ముక్కను పట్టుకుంటే, లోపల చుట్లు షార్టయిన చోట బ్లేడు గడగడ కొట్టుకోవాలి. ఎక్కడా కొట్టుకోలేదు. వైండింగు బాగుంది, కమ్యుటేటర్ (చుట్లకు కరెంటు అందించే బొగ్గు ముక్కలు, అంటే బ్రష్షులు, ఆనే రాగి పలకల భాగం) మాత్రం నల్లబడి గాళ్లు పడింది.

చేసిన పని వరుసగా:

1. కమ్యుటేటర్‌ను లేత్ మీద అతి కొద్దిగా చెక్కించాను. రాగి పలకల మధ్య ఉండే మైకాను, పలుచగా అరగదీసిన హాక్సా బ్లేడుతో రాగి మట్టం కంటే కిందికి గీశాను. మైకా ఎత్తుగా ఉంటే బ్రష్షు దాని మీద ఎగిరి నిప్పురవ్వలు వస్తాయి.
2. బుష్షులను కిరోసిన్‌లో నానబెట్టి కడిగి, ఆరాక, పలుచని యంత్రపు నూనెలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా సన్నని వేడి మీద ఉంచాను. ఇవి నూనెను పీల్చుకునే రకం కంచు బుష్షులు. గ్రీజు పెడితే వాటి రంధ్రాలు మూసుకుపోతాయి.
3. బ్రష్షులు 4 మిల్లీమీటర్లు మాత్రమే మిగిలాయి కనుక మార్చాను.

బ్రష్షుల దగ్గర కొంత ఆగాలి. అసలైనవి దొరకవు. దొరికేవాటిలో కొలతకు దగ్గరగా ఉన్నవి మిక్సీ బ్రష్షులు, వాటిని అరగదీసి వేయడం మామూలుగా జరిగేదే. వైండింగు షాపులో పనిచేసే పెద్దాయన ఆ మాట వినగానే, “సార్, మిక్సీది 230 వోల్టులది, గట్టి బొగ్గు. దీనికి రాగి కలిసింది కావాలె, లేకుంటే గాలి రాదు” అన్నాడు. తేడా ఎంతో తెలుసుకోవడానికి రెండు రకాలనూ బల్ల మీద పరీక్షించాను. మిక్సీ బ్రష్షులతో ఫ్యాను వేగం కంటికి తెలిసేంత తగ్గింది, బ్రష్షు పట్టీలు వేడెక్కాయి. 230 వోల్టుల మోటారుకు బ్రష్షుల దగ్గర రెండు వోల్టులు పోయినా లెక్కలోకి రాదు. 12 వోల్టుల మోటారుకు అది ఆరో వంతు. చివరికి కారు సెల్ఫ్ మోటారు బ్రష్షునొకదాన్ని కోసి, కొలతకు అరగదీసి వేశాను. అది రాగి ఎక్కువగా కలిసిన ఎర్రటి రకం.

కొత్త మోటారు కొనడం తేలిక కదా అన్న ప్రశ్న వస్తుంది. సికింద్రాబాదు రాణిగంజ్‌లో అన్ని కార్లకూ సరిపోతుందని చెప్పి అమ్మే మోటారును వెర్నియర్‌తో కొలిచి చూశాను. దాని ఇరుసు 6.00 మిల్లీమీటర్లు, నా ఫ్యాను రంధ్రం పావు అంగుళం, అంటే 6.35. మధ్యలో రేకు చుట్టి బిగించమని షాపువాళ్లు సలహా ఇచ్చారు. ఆ వేగంలో తిరిగే ఫ్యాను మధ్య నుంచి పావు మిల్లీమీటరు పక్కకు జరిగి ఉన్నా బుష్షులు నెలల్లో అరిగిపోతాయి. కొనకుండా వచ్చేశాను.

మూడో లోపానికి, అంటే గాలి లేకపోవడానికి, మరో కారణం బిగించే సమయంలో బయటపడింది. ఈ మోటారులో శాశ్వత అయస్కాంతాలున్నాయి. రెండు తీగలను తారుమారు చేస్తే తిరిగే దిశ మారుతుంది. పంజరం ఫ్యాను ఎటు తిరిగినా గాలిని ఒకే వైపు తోస్తుంది, కాకపోతే తిరగరాని దిశలో తిరిగితే గాలి బాగా తగ్గిపోతుంది. అందువల్ల తప్పు కనిపెట్టడం కష్టం. పెట్టెలోని నత్తగుల్ల వంపు ఏ వైపు వెడల్పవుతుందో చూసి, ఫ్యాను ఆ వైపుకే తిరుగుతున్నదో లేదో సరిచూడాలి. పాత ఎలక్ట్రీషియన్ ఎవరో తీగలను తారుమారుగా కలిపారు. మార్చి కలిపేసరికి ముందు అద్దం దగ్గర కట్టిన దారపు ముక్క అడ్డంగా ఎగిరింది.

కరెంటును ఫ్యాను పెట్టెలో ఉండగానే కొలవాలి. బయట బల్ల మీద అదే ఫ్యాను అడ్డులేని గాలిని తోస్తుంది కనుక ఎక్కువ లాగుతుంది. గాలి దారి మూసుకుపోతే ఈ రకం ఫ్యాను తక్కువ లాగుతుంది. కందిరీగ గూడు ఉన్న పెట్టెలో కొలిచి కరెంటు తక్కువగా ఉందని సంతోషిస్తే మోసపోతాం. పెట్టెలో బిగించాక నా కొలత 3.7 ఆంపియర్లు, సరిగ్గా ముందున్న దానిలో సగం. తీగల నష్టం కూడా సగానికి, 1.13 వోల్టులకు తగ్గింది.

ఇప్పటివరకు ఖర్చు: వైండింగు షాపు, లేత్ పని 350, బ్రష్షు 180, నూనె 60, మొత్తం 1,030 రూపాయలు.

నాలుగో దశ: స్విచ్, నెమ్మది వేగం

మిగిలిన 1.13లో 0.60 వోల్టులు స్విచ్‌వే. వెనుక ఉన్న నాలుగు రేకు చెవులను జాగ్రత్తగా లేపితే స్విచ్ తెరుచుకుంటుంది. లోపల ఇత్తడి పలక నల్లగా కాలి, స్ప్రింగు బలం కోల్పోయింది. పలకను రుద్ది, బాల్‌పెన్ను స్ప్రింగును కొలతకు కత్తిరించి వేస్తే నష్టం 0.07కు తగ్గింది. ఇళ్లకు వాడే స్విచ్ పెట్టమని సలహాలు వచ్చాయి. దాని మీద రాసి ఉన్న ఆంపియర్లు ఏసీకి సంబంధించినవి. మోటారు లాంటి డీసీ భారాన్ని తెంచేటప్పుడు వచ్చే నిప్పురవ్వకు ఆ అంకె హామీ ఇవ్వదు. మొత్తం నష్టం ఇప్పుడు 0.60 వోల్టులు.

నెమ్మది స్థానం పనిచేయకపోవడానికి కారణం సులభంగానే దొరికింది. పెట్టె లోపల గాలి దారిలో ఉండే నిరోధక తీగ చుట్ట ఒక కొసన తెగిపోయి ఉంది. దాని స్థానంలో 2.2 ఓముల రెసిస్టరును ఎంచుకున్నాను. ఆ విలువతో నెమ్మది వేగంలో కరెంటు 2.2 ఆంపియర్లు, రెసిస్టరు మీద 4.9 వోల్టులు, అంటే దాదాపు 11 వాట్ల వేడి.

మొదట పరీక్షించినది దుకాణాల్లో ఎక్కువగా దొరికే 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టరు. దాని సామర్థ్యానికి మించిన భారం అని లెక్కలోనే తెలుస్తున్నా, చాలామంది దీన్నే స్విచ్ వెనుక వేలాడదీస్తారు కనుక ఎంత కాలుతుందో చూడాలనుకున్నాను. బల్ల మీద, గాలి తగలకుండా, కొద్ది నిమిషాల్లోనే 160 డిగ్రీలు దాటింది. టేపు చుట్టిన తీగల పక్కన అది ఉండకూడని వస్తువు. 25 వాట్ల పింగాణీ గొట్టం రెసిస్టరును పాత చుట్ట ఉన్న చోటే, ఫ్యాను గాలి తగిలేలా, ఇత్తడి పట్టీతో బిగిస్తే 74 డిగ్రీల దగ్గర నిలకడగా నిలిచింది.

ఒక చిక్కు మిగిలింది. నెమ్మది స్థానంలో ఫ్యాను బిగుసుకుపోతే గాలి ఆగిపోతుంది, కరెంటు 3.9 ఆంపియర్లకు పెరుగుతుంది, రెసిస్టరులో 33 వాట్ల వేడి పుడుతుంది. వేగం స్థానంలో ఫ్యాను మామూలుగా తిరిగినా అదే కరెంటు తీసుకుంటుంది కనుక ఏ ఫ్యూజూ ఈ ప్రమాదాన్ని గుర్తించలేదు. కొత్త కార్ల బ్లోయరు రెసిస్టర్లలో వేడికి తెగే చిన్న భాగం ఉండటం ఇందుకే. రైస్ కుక్కర్లు బాగుచేసే షాపులో దొరికే థర్మల్ ఫ్యూజులలో 130 డిగ్రీలది, 10 ఆంపియర్లది రెండు తీసుకుని, ఒకదాన్ని రెసిస్టరు పట్టీకి ఆనించి కలిపాను. దీన్ని సోల్డరింగ్ చేయకూడదు. ఐరన్ వేడికే తెగిపోతుంది. క్రింప్ చేయాలి, అంటే పట్టుకారుతో నొక్కి బిగించాలి. ఫ్యానును కర్రతో ఆపి ఉంచి పరీక్షిస్తే రెసిస్టరు రంగు మారకముందే థర్మల్ ఫ్యూజు తెగింది. రెండోదాన్ని శాశ్వతంగా బిగించాను.

ఇప్పటివరకు ఖర్చు: రెసిస్టర్లు 160, థర్మల్ ఫ్యూజులు 60, మొత్తం 1,250 రూపాయలు.

ఐదో దశ: తీగ, సొంత ఫ్యూజు

హీటరుకు వచ్చే పాత తీగ 1 చదరపు మిల్లీమీటరుది, అంటే 0.30 మిల్లీమీటర్ల పోగులు 14. అటువంటి కారు తీగకు ఇచ్చే పరిమితి 8.75 ఆంపియర్లు. దాని వెనుక ఉన్న ఫ్యూజు 17 ఆంపియర్లను హాయిగా మోస్తుంది. ఫ్యాను బిగుసుకుని 13 ఆంపియర్లు లాగితే పెట్టెలోని ఫ్యూజుకు చీమ కుట్టినట్లు కూడా ఉండదు, తీగ మాత్రం కాలుతుంది. పైగా హీటరు లోపానికి బ్రేకు లైట్లు ఆరిపోవడం ఏ విధంగానూ ఒప్పుకోదగినది కాదు. అందువల్ల 28 పోగుల, 2 చదరపు మిల్లీమీటర్ల కొత్త తీగను, ఫ్యూజు పెట్టె పక్కనే దాని సొంత బ్లేడ్ ఫ్యూజుతో వేశాను.

ఆ ఫ్యూజు ఎంత ఉండాలి? ఎక్కువమంది 15 వేస్తారు. 10 కూడా నాకు సరిపోలేదు: బిగుసుకున్న మోటారు లాగే 13.2 ఆంపియర్లు 10 ఆంపియర్ల ఫ్యూజుకు మూడో వంతు మాత్రమే ఎక్కువ, అంత స్వల్ప అధిక భారానికి బ్లేడ్ ఫ్యూజు తెగడానికి నిమిషాలు పట్టవచ్చు. 7.5 వేస్తే అదే కరెంటు ముప్పావు వంతు ఎక్కువ, కొద్ది క్షణాల్లో తెగుతుంది. మామూలుగా మొదలయ్యేటప్పుడు కూడా మోటారు ఒక్క క్షణం అంతే లాగుతుంది కనుక, ఊరికే తెగుతుందేమోనని స్విచ్‌ను పదేపదే వేసి తీసి చూశాను. తెగలేదు. కర్రతో ఆపి పట్టుకుంటే తెగింది. 7.5 ఖాయమైంది.

1. గోడ రంధ్రానికి కొత్త గ్రామెట్ వేసి, పాత ఆకుపచ్చ తీగలో కోసుకుపోయిన ముక్కను తీసి కొత్తది అతికాను.
2. తీగల కొసలకు వేసే లగ్గులన్నిటినీ క్రింప్ చేసి, లాగి చూసి, ఆపైన స్లీవు తొడిగాను. మెలితిప్పి టేపు చుట్టిన కీలు ఒక్కటీ మిగల్చలేదు. మన ఎండల్లో ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది.
3. తీగ రంగులు మార్చలేదు. స్విచ్ దాకా ఆకుపచ్చ, స్విచ్ నుంచి మోటారుకు ఆకుపచ్చ మీద పసుపు గీత, ఎర్త్‌కు నలుపు. రేపు ఈ కారును విప్పే మరో మనిషికి పాత వైరింగు పటమే సరిపోవాలి.

రిలే ఎందుకు వేయలేదని మిత్రులు అడిగారు. నాలుగు ఆంపియర్లకు లోపు భారాన్ని శుభ్రమైన స్విచ్ సులువుగా మోస్తుంది. రిలే వేస్తే కీళ్ల సంఖ్య పెరుగుతుంది. హెడ్‌లైట్లకైతే నా సమాధానం వేరుగా ఉండేది.

చివరి కొలతలు, బ్యాటరీ 12.40 దగ్గర: ఇగ్నిషన్ దారి 0.22, పెట్టె ఫ్యూజు 0.05, కొత్త ఫ్యూజు 0.05, తీగ 0.04, స్విచ్ 0.07, తీగ 0.06, ఎర్త్ 0.03. మొత్తం నష్టం 0.52 వోల్టులు, మోటారుకు 11.88, కరెంటు 3.9 ఆంపియర్లు.

ఇప్పటివరకు ఖర్చు: తీగ 240, ఫ్యూజు హోల్డరు, ఫ్యూజులు 120, లగ్గులు 80, గ్రామెట్లు 30, స్లీవు 90, మొత్తం 1,810 రూపాయలు.

ఆరో దశ: వానలో పరీక్ష, రేడియోలో రొద

నాగార్జునసాగర్ దారిలో మంచి వాన దొరికింది. నలుగురు కూర్చుని అద్దాలెత్తితే ముందు అద్దం త్వరగానే తెల్లబడింది. కుళాయి సగం తెరిచి ఫ్యాను వేగంలో పెడితే డ్రైవరు వైపు కింద నుంచి పైకి తేటపడుతూ వచ్చింది. చలిగాలి కంటే కాస్త వెచ్చని గాలితో ఆవిరి త్వరగా విడిపోతుంది. ఎడమ వైపు ఇప్పటికీ ఆలస్యంగా విడుతోంది, ఆ వైపు గాలి గొట్టం రబ్బరు చీలి ఉంది.

హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను మూడూ వేసి, ఇంజను ఐడ్లింగులో ఉంచితే బ్యాటరీ దగ్గర 12.7 వోల్టులు, ఇంజను వేగం పెంచితే 13.8, అప్పుడు ఫ్యాను 4.4 ఆంపియర్లు లాగుతోంది. 7.5 ఫ్యూజుకు ఇది ఇబ్బంది లేని భారం.

కొత్త బ్రష్షులు కమ్యుటేటర్ మీద ఇంకా పూర్తిగా కుదురుకోలేదు కాబోలు, ఫ్యాను వేస్తే మీడియం వేవ్‌లో ఆకాశవాణి వినబడకుండా రొద వస్తోంది. మోటారు రెండు తీగల మధ్య, మోటారుకు వీలైనంత దగ్గరగా, 1 మైక్రోఫారడ్ కండెన్సరు కలిపితే ఎఫ్ఎం‌లో రొద పూర్తిగా పోయింది, మీడియం వేవ్‌లో వార్తలు అర్థమయ్యేంతగా తగ్గింది. దాని ఖరీదు 60. మొత్తం ఖర్చు 1,870 రూపాయలు.

మిగిలిన పనులు: ఎడమ గాలి గొట్టం రబ్బరు, ఇగ్నిషన్ స్విచ్ దారిలోని 0.22 వోల్టులు. రెండోదాని కోసం స్టీరింగు కింది తొడుగు విప్పాలి కనుక, ఎలాగూ హారను రిలేకు సొంత ఫ్యూజు వేసేటప్పుడు ఆ పని కలిపి చేస్తాను.